నూట నలభై ఆరు పెట్టెలు

మా బావమరిది నాకు చేసిన పని గురించి ఎవరికి చెప్పినా, "పోనీలేవయ్యా, నీ మంచికే చేసుంటాడు" అంటారు. మంచికే చేశాడు. నా ఏడుపంతా అదే. చెడ్డకు చేసి ఉంటే చొక్కా పట్టుకుని నలుగురిలో నిలబెట్టి అడిగేవాణ్ణి. మంచికి చేసినవాణ్ణి ఏమని అడగాలి?

అతన్ని ఇంట్లో ఎవరూ పేరుతో పిలవరు. చంకలో ఎప్పుడూ నల్లట్ట డైరీ ఉంటుంది కాబట్టి డైరీ అనే పిలుస్తాం. పొయ్యి మీద పాలు పొంగినా ఏ తారీఖున పొంగాయో రాసిపెట్టుకునే మనిషి. నా భార్యకు సొంత తమ్ముడు. డిగ్రీ చదివాడు. నేను ఆరో తరగతిలో బడి మానేశాను. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే జరిగినదాంట్లో సగం అతని చదువు వల్ల, సగం నాకు లేని చదువు వల్ల జరిగింది.

నాది కోత మిల్లు. మా నాన్న పెట్టింది. దుంగలు వస్తాయి, పట్టెలుగా చెక్కలుగా కోసి పంపుతాం. ప్రతి దుంగతోనూ ఒక పర్మిట్ వస్తుంది. ఎక్కడ నరికారు, ఎవరు నరికారు, ఏ లారీలో తెచ్చారు అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాలు కొన్నేళ్లు దాచి ఉంచాలని రూలు. మా నాన్న ఆ కొన్నేళ్లతో ఆగలేదు. కాగితం పారేయడానికి ఆయనకు చేతులు వచ్చేవి కావు. నేనూ పారేయలేదు. అలా మిల్లు అటక మీద ముప్ఫై ఒక్క ఏళ్ల కాగితాలు పేరుకుపోయాయి.

నాన్నకు చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు, అది కూడా బొమ్మ గీసినట్టు గీసేవాడు. అందుకని కట్టలకు ఆయన తన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. నెలకొక కట్ట. కట్ట మీద అరచెయ్యంత చెక్కముక్క పెట్టి జనపతాడుతో బిగించేవాడు. ఆ చెక్కకు కుడి అంచున ఎన్ని రంపపు గాట్లు ఉంటే అన్నో నెల. ఎడమ అంచున ఎన్ని గాట్లు ఉంటే అన్నో ఏడాది. పదేళ్లు నిండితే చెక్క జాతి మార్చేవాడు. మొదటి పదేళ్లు టేకు, తర్వాతి పదేళ్లు దేవదారు, ఆ తర్వాత మామిడి. నాన్న పోయాక నేనూ అదే పద్ధతిలో కట్టాను, ముప్ఫై నిండాక వేపకు మారాను. కరెంటు పోయినా సరే, వేలితో తడిమి ఫలానా ఏడాది ఫలానా నెల కట్ట కిందికి దించగలిగేవాణ్ణి. మొత్తం మూడు వందల డెబ్భై రెండు కట్టలు.

ఆయనకు ఇంకో నియమం ఉండేది. ఏ రోజు వచ్చిన కాగితం ఆ రోజు కట్టలోకే పోవాలి. అది పర్మిట్ కావచ్చు, ఆసుపత్రి చీటీ కావచ్చు, స్థలం కాగితం కావచ్చు. "ఇనప్పెట్టెలో పెడితే దొంగ తిన్నగా అక్కడికే పోతాడురా. పర్మిట్ల మధ్య పెడితే ఎవడు చూస్తాడు" అనేవాడు. నిజంగానే ఏ దొంగా చూడలేదు.

కిందటేడు ఇన్సూరెన్స్ ఆఫీసరు మిల్లు చూడటానికి వచ్చాడు. నేల మీద రంపపు పొట్టు చూశాడు, మోటారు చూశాడు, నిచ్చెనెక్కి అటక చూశాడు. దిగివచ్చి చేతులు దులుపుకుంటూ, "కింద పొట్టు, పక్కన మోటారు, పైన రెండు టన్నుల కాగితం. మీరు మిల్లు నడుపుతున్నారా, పొయ్యి పేర్చుకున్నారా?" అని అడిగాడు. నెల రోజుల్లో కాగితాలు మిల్లులోంచి బయటికి వెళ్లకపోతే ఇన్సూరెన్స్ ఉండదన్నాడు. ఇన్సూరెన్స్ లేకపోతే బ్యాంకు ఊరుకోదు.

ఇంటికెళ్లి చెబితే నా భార్య, "ఇంట్లోకి మాత్రం తేకండి. మీ నాన్న కాగితాలతో ఒకే మంచం మీద పడుకోవడం నా వల్ల కాదు" అంది. డైరీ అక్కడే ఉన్నాడు. వెంటనే పెన్ను తీశాడు.

"బావా, ఇప్పుడు దీనికి కంపెనీలే ఉన్నాయి. మన కాగితాలు వాళ్ల గోడౌన్లో పెట్టుకుంటారు. కావాలంటే తెచ్చిస్తారు. మూడు చోట్ల కనుక్కుందాం."

"కాగితాలకు అద్దె గది తీసుకోవాలా?"

"అవును బావా. మనుషులకంటే బుద్ధిగా ఉంటాయి, గొడవ చెయ్యవు."

మొదట వెళ్లిన చోట కిటికీలే లేని పెద్ద భవనం. గేటు దగ్గర మా ఫోన్లు తీసుకున్నారు. లోపల చలి. కాగితానికి ఎంత చల్లదనం మంచిదో, ఎంత తేమ మంచిదో ఒక ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పాడు. మూడు మాటల్లో ఒకటి నాకు అర్థమైంది. అద్దె ఎంతో చెప్పినప్పుడు మాత్రం పూర్తిగా అర్థమైంది. బయటికొచ్చాక డైరీ, "వీళ్లు బ్యాంకుల కోసం బావా, మనకు కాదు" అన్నాడు. అది నిజమే.

రెండో చోటు ఒక అచ్చు ప్రెస్సు వెనకాల ఉన్న పాత గోడౌన్. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. లైబ్రరీలో పనిచేసి రిటైరయిందట. కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంది. గోడౌన్లో ఇనుప అరలు, ఒక్కో అర మీద చేత్తో రాసిన అట్టముక్క. డైరీకి ఎవరో ఫోన్ చేస్తే బయటికి వెళ్లాడు. నేను చూపించడానికని తెచ్చిన కట్ట ఒకటి ఆవిడ ముందు పెట్టాను.

"జాబితా ఉందా?" అని అడిగింది.

"ఏం జాబితా?"

"ఏ కట్టలో ఏముందో."

నేను జవాబు చెప్పకముందే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చెక్కముక్క అంచు మీద వేలు పోనిచ్చింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. "ఇవి అంకెలు కదూ" అంది.

ముప్ఫై ఏళ్లలో బయటివాళ్లెవరూ ఆ మాట అనలేదు. నాకు ఛాతీ పొంగింది. గాట్ల సంగతంతా చెప్పాను. ఆవిడ తలాడిస్తూ విన్నది.

"బాగుంది. చెక్కలు అలాగే ఉంచుదాం. వేరే గదిలో మందు కొట్టి పెడతాను. కానీ రేపు మీరు లేకపోయినా ఇంకొకరికి దొరకాలి కదా. మనిద్దరం కూర్చోవాలి. మీరు ఒక్కో కట్టా విప్పి లోపల ఏముందో చదివి చెబుతుంటే నేను రాసుకుంటాను. రోజుకు పది కట్టలు చేసినా ఆరేడు వారాలు పడుతుంది."

చదివి చెబుతుంటే. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. నాకు అక్షరాలు రావని కాదు. కూడబలుక్కుంటే వస్తాయి. చేతిరంపంతో పెద్ద దుంగ కోసినట్టు, చెమటలు పడతాయి, ఆలస్యమవుతుంది, ఎదురుగా ఎవరైనా కూర్చుంటే అదీ సాగదు. ఆరేడు వారాలు, రోజూ, జీవితమంతా పుస్తకాల మధ్య బతికిన మనిషి ముందు.

"ఇన్సూరెన్స్ వాళ్లు నెలే గడువిచ్చారమ్మా" అన్నాను.

"దానికేముంది. ముందు కట్టలు తెచ్చి ఇక్కడ పెట్టెయ్యండి. జాబితా తర్వాత తీరిగ్గా రాద్దాం."

ఆలోచించి చెబుతానని లేచాను. బయట డైరీ ఏమైందని అడిగితే, "ఏడు వారాలంటోంది. మనకు టైం లేదు" అన్నాను. ముందు కట్టలు తెచ్చుకోమన్న మాట అతనికి చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు.

మూడోది డైరీ కనిపెట్టిన కంపెనీ. వాళ్లే మిల్లుకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాఫీసరు ఒకడు నా బల్ల మీద ఫోను పెట్టి చూపించాడు. "సార్, ప్రతి పెట్టెకూ బార్‌కోడ్ ఉంటుంది. మీ పెట్టె ఎక్కడుందో ఇందులో కనిపిస్తుంది. మీరు నొక్కితే చాలు, మేం తెస్తాం. లిస్టులూ గిస్టులూ మీకెందుకు సార్, ఆ తలనొప్పి మాది."

ఆ చివరి మాటకు నేను పడిపోయాను. అద్దె కూడా మిగతా ఇద్దరికంటే తక్కువ. "ఎప్పుడు పట్టుకెళ్తారు?" అన్నాను. డైరీ నా వైపు గర్వంగా చూశాడు. ఏదో పెద్ద సంబంధం కుదిర్చినవాడిలా.

వాళ్లు పట్టుకెళ్లిన రోజు శనివారం. రంపం బాబాయ్ ఆ రోజు లేడు. నాన్న కాలం నుంచి మా రంపం మీద ఉన్న మనిషి ఆయన, ఆ కట్టలన్నీ నాన్నతో కలిసి కట్టిందీ ఆయనే. మోకాలు నొప్పికి మందు రాయించుకోవడానికి వెళ్లాడు. ఆయన ఉండి ఉంటే ఇంకోలా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను. ఉండి ఉంటే నేను ఆయన మాట వినేవాణ్ణా? అదీ చెప్పలేను.

ఆరుగురు పనివాళ్లు వచ్చి అటకెక్కారు. ఇస్త్రీ చొక్కా ఆఫీసరు నా చేతిలో నాలుగు పేజీల కాగితం పెట్టాడు. సన్న అక్షరాలు. "మామూలు షరతులే సార్, కింద సంతకం పెడితే మొదలుపెడతారు." ఆరుగురూ నిచ్చెన దగ్గర నిలబడి నా వంక చూస్తున్నారు. నేను మొదటి వాక్యం మీద కళ్లు పెట్టాను. రెండో వాక్యానికి వెళ్లేసరికి ఒకడు గడియారం చూసుకున్నాడు.

"చదివావా?" అని డైరీని అడిగాను.

"చూశాను బావా. అన్నీ మామూలే."

సంతకం పెట్టాను. నాన్నలా బొమ్మ గీసినట్టు కాదు, గబగబా చదువుకున్నవాడిలా గీకాను.

"పెట్టెల మీద ఏమని రాయమంటారు సార్?" అని అడిగాడు ఆఫీసరు.

"పాత పర్మిట్లు అని రాయి."

అంతలో దుంగల లారీ వచ్చింది. నేను కిందికి దిగాను. డైరీ పైనే ఉన్నాడు, డైరీ తెరుచుకుని. సాయంత్రానికి అటక ఖాళీ అయింది. నాలుగు గోనెసంచులు వేరే బండిలోకి ఎక్కించడం చూశాను. తెగిన తాళ్లు అనుకున్నాను. సోమవారం రంపం బాబాయ్ వచ్చి ఖాళీ అటక వంక చూసి, "చెక్కలు ఏవిరా?" అన్నాడు.

"పెట్టెల్లోనే వెళ్లాయి బాబాయ్, కట్టలతో పాటే."

అలాగే అని నేను నిజంగా అనుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. మా మిల్లు వెనక మంచు ఫ్యాక్టరీ ఉంది. దాని యజమాని పెద్దాయన పోయాడు. నెల తిరక్కుండానే ఆయన అల్లుడు నాకు లాయరు నోటీసు పంపాడు. మా మిల్లు వెనక భాగం, అంటే రంపం నిలబెట్టిన చోటే, వాళ్ల స్థలమట. ఖాళీ చేయాలట.

అసలు సంగతి ఇదీ. ఇరవై రెండేళ్ల కిందట ఫ్యాక్టరీ లారీలు తిరగడానికి ముందు వైపు చోటు చాలలేదు. మాకు దుంగలు లాగడానికి వెనక చోటు చాలలేదు. నాన్న ముందు మూల వాళ్లకిచ్చాడు, పెద్దాయన మా వెనకున్న పొడుగాటి స్థలం పట్టీ మాకిచ్చాడు. ఇంతకింత, సరిసమానం. డబ్బు చేతులు మారలేదు. పచ్చ స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒకటే కాగితం కాబట్టి దాన్ని నాన్న దగ్గర ఉంచారు. నాన్న ఆ రోజు కట్టలో పెట్టాడు. టేకు చెక్క, ఎడమ అంచున తొమ్మిది గాట్లు, కుడి అంచున ఏడు. నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. ఆ కట్ట మిల్లు అటక మీదే ఉండి ఉంటే నోటీసు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, అతను టీ తాగి గ్లాసు పెట్టేలోపు తీసి చూపించేవాణ్ణి.

అల్లుడి దగ్గర కూడా ఒక కాగితం ఉంది. మార్పిడికి ముందటేడు నాన్న ఎవరిచేతో రాయించిన ఉత్తరం. "మీ స్థలంలో మా దుంగలు పెట్టుకోనిస్తున్నందుకు కృతజ్ఞతలు" అని. కింద బొమ్మ గీసినట్టు నాన్న సంతకం. దాన్ని వాళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచారు. మడత కూడా పడలేదు.

"ఇన్నేళ్లుగా అక్కడున్నారన్నది పనికిరాదు. వాళ్లు దయతో ఉండనిచ్చారని ఈ ఉత్తరం చెబుతోంది. మీ పచ్చ కాగితం తెస్తే మాత్రం రెండు నిమిషాల్లో తేలిపోతుంది" అన్నాడు మా లాయరు. జడ్జి గారు ఇరవై రోజులు వాయిదా ఇచ్చి, ఇదే చివరిదన్నారు. ఆ పట్టీ పోతే రంపం పోతుంది. దుంగ ముందుకూ వెనక్కూ నడవడానికి పొడవు కావాలి, మిల్లులో ఆ పొడవు ఇంకెక్కడా లేదు.

నాకు అప్పటికి భయం లేదు. డైరీ ఫోను తెరిచి, "ఏ పెట్టె బావా?" అన్నాడు.

"టేకు, తొమ్మిది, ఏడు."

అతను వేలితో పైకి తోస్తూ పోయాడు. తోస్తూనే ఉన్నాడు. ఫోను నా చేతికిచ్చాడు. నూట నలభై ఆరు పెట్టెలు వరుసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఒకే మాట. పాత పర్మిట్లు, పద్నాలుగు కిలోలు. పాత పర్మిట్లు, పద్నాలుగు కిలోలు. నేను చదవలేకపోయిన కాగితం ప్రపంచంలో చాలా ఉంది గానీ, ఇది మాత్రం చివరిదాకా చదివాను.

మర్నాడు పొద్దున్నే నేనూ డైరీ వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. కౌంటరు వెనక ఒకమ్మాయి. మంచి పిల్ల, చివరిదాకా ఒక్క మాట దురుసుగా అనలేదు.

"పెట్టె నంబరు చెప్పండి సార్."

"నంబరు తెలీదమ్మా. చెక్క మీద తొమ్మిది గాట్లుంటాయి."

"చెక్క?" ఆమె కంప్యూటర్లో చూసింది. "మీ దాంట్లో ఉందండీ. కలప, తాళ్లు, ముప్ఫై ఎనిమిది కిలోలు, తీసివేయబడినవి. మా గోడౌన్లోకి కలప రానివ్వం సార్, చెద వస్తుంది. షరతుల్లో పదకొండోది. మీ సంతకం ఉంది."

తెర నా వైపు తిప్పింది. ఉంది. చదువుకున్నవాడిలా గబగబా గీకిన నా సంతకం.

"తీసినవి ఏం చేశారు?"

"వెంటనే కాల్చేస్తారండీ."

నేను డైరీ వైపు తిరిగాను. అతను నల్లట్ట పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతున్నాడు. ఆ శనివారం పేజీ దగ్గర ఆగాడు. పుస్తకం నా ముందుకు జరిపాడు. నేను వేలుపెట్టి కూడబలుక్కుని చదివాను. చెత్త, నాలుగు సంచులు, ముప్ఫై ఎనిమిది కిలోలు, వాళ్లే తీసుకెళ్లారు, మనకు ఖర్చు లేదు.

"అవి నంబర్లని నాకు తెలీదు బావా" అన్నాడు. "నువ్వెప్పుడూ చెప్పలేదు."

చెప్పలేదు. చదువుకున్నవాడికి గాట్ల గురించి చెప్పుకోవడం నాకు చిన్నతనంగా ఉండేది.

కట్టలు పోనీ, వరసైనా ఉందా అంటే అదీ లేదు. తాళ్లు కోసి, పెట్టెకు పద్నాలుగు కిలోలు తూగేలా సర్దారు. ఆరుగురు ఆరు వైపుల నుంచి అందించారు. ఒక్కో పెట్టెలో మూడు నాలుగేళ్ల కాగితాలు కలిసిపోయాయి. అన్నీ ఒకేసారి వెనక్కి ఇచ్చేయమన్నాను. రెండు నెలల ముందు రాతపూర్వకంగా అడగాలట. గోడౌన్లోకి వచ్చి నేనే వెతుక్కుంటానన్నాను. బయటివాళ్లకు ప్రవేశం లేదట. చూసే గది ఒకటుంది, అందులోకి రోజుకు ఆరు పెట్టెలు తెస్తారట, రెండు రోజుల ముందు చెబితే. ఆదివారాలు సెలవు. వేళ్లు మడిచి లెక్కపెడితే వాయిదాలోపు పదమూడు రోజులు వచ్చాయి. డెబ్భై ఎనిమిది పెట్టెలు. మిగతా అరవై ఎనిమిది చూసేలోపే వాయిదా వచ్చేస్తుంది.

చూసే గది చిన్నది. తెల్ల గోడలు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూలన కెమెరా. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నేను, నా భార్య, డైరీ, రంపం బాబాయ్ కూర్చునేవాళ్లం. మిల్లు ఆపేశాను. మొదటి పెట్టె తెరవగానే బాబాయ్ గుప్పెడు కాగితాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మడతలు విప్పి వేలితో రుద్ది చూశాడు.

"పొట్టు ఏదిరా?" అన్నాడు.

"ఏం పొట్టు?"

"టేకు కోసిన ఏడాది కాగితాల మడతల్లో టేకు పొట్టుంటుంది. దేవదారుకు వేరే వాసన. గాట్లు పోతే పోయాయి, పొట్టు పట్టుకుని నేను చెప్పేస్తాను ఇది ఏ కాలందో."

పెట్టెలు మోసుకొచ్చిన మనిషి విని, "బ్లోయరుతో గాలి కొట్టి శుభ్రం చేసే పెడతాం పెద్దాయనా. దుమ్ము రవ్వంత కూడా ఉండదు" అన్నాడు. మెచ్చుకుంటామనుకున్నాడు పాపం. బాబాయ్ కాగితాలు బల్ల మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒక్కో కాగితమూ తిప్పడమే. పచ్చ కాగితం కాబట్టి చదవనక్కర్లేదు, రంగు కనిపిస్తే చాలు. దేవుడు ఆ మాత్రం దయ చూపాడు నా మీద. పచ్చ రంగు చీటీలు, పచ్చ రసీదులు, పచ్చ కార్డులు ఎన్ని కనిపించాయో. ప్రతిసారీ నలుగురి చేతులూ ఆగేవి.

మూడో రోజు నా భార్య ఒక కాగితం పట్టుకుని నవ్వింది. "ఇదిగో, మన పెళ్లికి మీ నాన్న బల్లలు చేయించిన చీటీ. పెళ్లికూతురి పేరు తప్పు రాశారు."

"అసలు నాకు రావాల్సిన పిల్ల పేరై ఉంటుందిలే" అన్నాను.

"ఆ పిల్ల బతికిపోయింది" అంది.

డైరీ మాత్రం నవ్వేవాడు కాదు. చూసిన పెట్టెల నంబర్లు రాసుకునేవాడు. ఏడో రోజు నేను అతని మీద విరుచుకుపడ్డాను.

"ఇంకా ఏం రాస్తున్నావయ్యా? రాసి రాసి నా కొంప కూల్చావు. అక్షరం ముక్క వచ్చినవాడివి, పదకొండో షరతు కనపడలేదా నీకు?"

"కనపడింది బావా. చెక్కలు చెత్తే కదా అనుకున్నాను. పోతే మంచిదే అనుకున్నాను."

"తమ్ముణ్ణి అనకండి" అంది నా భార్య కాగితాలు తిప్పుతూనే. "సంతకం ఎవరు పెట్టారు? చదవడం రాదని నాతో చెప్తే నేను చదివిపెట్టనా? పెళ్లయి ఇన్నేళ్లయింది, నా ముందు కూడా పేపరు పట్టుకుని చదివినట్టు కూర్చుంటారు."

ఆమెకు తెలుసని నాకు తెలియదు. నేను తల దించుకుని తర్వాతి పెట్టె లాగాను.

పదమూడో రోజు సాయంత్రం డెబ్భై ఎనిమిదో పెట్టె అడుగు కనిపించింది. ఆ అట్ట అడుగు వంకే చూస్తూ కూర్చున్నాను. నా భార్య, డైరీ చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. అప్పుడు బాబాయ్ మెల్లిగా అన్నాడు.

"ఒరేయ్, ఒక మాట. మీ నాన్న మరీ ముఖ్యమైన కాగితం అనుకుంటే కట్ట మధ్యలో పెట్టేవాడు కాదు. మడిచి చెక్క కిందుగా తాడుకు ఇరికించేవాడు. రెండు మూడుసార్లు చూశాను."

"అంటే?"

"చెక్కతో పాటు పోయి ఉండొచ్చు. పోకపోయీ ఉండొచ్చు. ఆ కాగితం ఎలా పెట్టాడో నేను చూడలేదు."

"మరి మొదటి రోజే చెప్పలేదేం?"

"చెబితే ఈ పదమూడు రోజులూ నువ్వు ఏం చేసేవాడివిరా?"

కోపం రావాల్సింది, రాలేదు. కారం చేయి తగిలినట్టు కళ్లు మండాయి. కెమెరా వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాను.

వాయిదా రోజు మా లాయరు ఇంకో నెల అడిగాడు. జడ్జి గారు కాగితం ఎక్కడుందో కచ్చితంగా చెప్పగలరా అని అడిగారు. నూట నలభై ఆరు పెట్టెల్లో ఒకదాంట్లో అన్నాడు లాయరు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. బోనులో నన్ను అడిగినప్పుడు నేను చెక్క గురించి, గాట్ల గురించి చెప్పాను. చెబుతుంటే నాకే పిచ్చివాడి మాటల్లా వినిపించింది. జడ్జి గారు ఓపికగా విని, "దాని వివరం రాసి ఉన్న జాబితా ఏదైనా ఉందా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది. పైకోర్టుకు వెళ్లడానికి నెల గడువుంది. ఆ నెలలో నా భార్య, డైరీ రోజూ వెళ్లి మిగతా అరవై ఎనిమిదీ చూశారు. నేను వెళ్లలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె చెప్పులు విప్పే తీరులోనే ఆ రోజు సంగతి తెలిసిపోయేది. పన్నెండో రోజు ఆమె "ఆఖరి పెట్టె కూడా అయిపోయింది" అంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. డైరీ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. కాసేపుండి వెళ్లిపోయాడు. ఇప్పటికీ పండూ కాయా పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటాడు, నా మంచే కోరుతుంటాడు.

ముందు మూల తిరిగి ఇమ్మని అడగొచ్చా అని లాయరును అడిగాను. వాళ్లు అక్కడ సిమెంటు పోసి గేటు పెట్టుకుని ఇరవై రెండేళ్లయింది. మార్పిడి జరిగిందని రుజువు చేయాలంటే దానికీ ఆ పచ్చ కాగితమే కావాలన్నాడు.

పెట్టెల అద్దె ఆపలేదు. పర్మిట్లు దాచాలి కదా, రూలు. ప్రతి నెలా ఫోనులో ఒక మెసేజి వస్తుంది. మీ నూట నలభై ఆరు పెట్టెలు భద్రంగా ఉన్నాయి అని. ఇప్పుడు అలాంటివి నా భార్య చేత చదివించుకుంటున్నాను.

రంపం విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. పునాది బోల్టులు తుప్పు పట్టి ఊడలేదు, కోయాల్సి వచ్చింది. కొన్నవాడు లారీ మీద కట్టుకుని పోయాడు. మర్నాడు అల్లుడు మేస్త్రీని తీసుకొచ్చి గోడకు తాడు పట్టించాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, "ఒక అంగుళం కూడా ఎక్కువ తీసుకోను, మీరే దగ్గరుండి కొలిపించండి" అన్నాడు. టేపు రెండో కొస నా చేతికే ఇచ్చాడు. పట్టుకున్నాను. వెనక పట్టీ వెడల్పు పదకొండు అడుగులు, పొడవు తొంభై ఆరు. ముందు మూల ఇరవై నాలుగు అడుగులకు నలభై నాలుగు. అటు వెయ్యీ యాభై ఆరు, ఇటు వెయ్యీ యాభై ఆరు. రెండూ ఇప్పుడు వాళ్ల వైపే, మొత్తం రెండు వేల నూట పన్నెండు చదరపు అడుగులు.